మొప్ప ఎత్తి చూసిన వంటవాడు

పోయిన మే నెలలో, కర్నూలు ఊరి బయట హైదరాబాదు-బెంగుళూరు రహదారి పక్కన కొత్తగా తెరిచిన ఒక హోటలుకు చుట్టాలను వెంటబెట్టుకుని వెళ్ళాను. వాకిట్లో నిలువెత్తు ఫ్లెక్సీ మీద ఎర్రటి లాబ్‌స్టర్ బొమ్మ, దాని పక్కన తెల్ల టోపీ పెట్టుకున్న ఎవరో దొరగారి నవ్వు ముఖం ఉన్నాయి. లోపల మెనూలో వంజరం వేపుడు, చందువ తందూరి, అపోలో ఫిష్, రొయ్యల ఇగురు వరుసగా కనిపించాయి. మా బావమరిది వంజరం చెప్పాడు. వడ్డించే అబ్బాయిని పిలిచి ఆ చేప ఎప్పుడు వచ్చిందని అడిగాను. "ఫ్రెష్ సార్, పొద్దున్నే దిగింది" అన్నాడు తడుముకోకుండా. ముక్క నోట్లో పెట్టుకున్నాక కారాన్నీ నిమ్మరసాన్నీ కరివేపాకునూ దాటుకుని వచ్చిన నీచు వాసన ఒకటి నాలుక వెనకాల నిలిచిపోయింది. పిల్లలు తిన్నారు, పెద్దలు మర్యాద కోసం తిన్నారు, నేను బిల్లు కట్టాను.

ఆ అబ్బాయిని తప్పు పట్టను. అతనికి నేర్పిన జవాబు అతను చెప్పాడు. కానీ మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అరవై ఒక్క రోజులపాటు, ఇంజన్లున్న పడవలు వేటకు వెళ్ళకూడదన్న నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ కట్టుబాటు. అందువల్ల మే నెల నడిమధ్యలో కర్నూలు కంచంలోకి వచ్చిన వంజరం పడమటి తీరం నుంచి మంచు పెట్టెలో ప్రయాణం చేసి వచ్చి ఉండాలి, లేదా నిషేధానికి ముందే పట్టి శీతల గిడ్డంగిలో దాచినదై ఉండాలి, మహా అయితే ఇంజను లేని తెప్పల మీద పట్టినదై ఉండాలి. ఈ మూడింటిలో ఏదీ స్వతహాగా నేరం కాదు. సరిగ్గా గడ్డకట్టించిన చేప మంచి తిండే. పొద్దున్నే దిగిందన్న మాటే నన్ను బాధపెట్టింది, అంతకన్నా ఎక్కువగా ఆ మాటకు బల్ల చుట్టూ కూర్చున్న ఎనిమిది మందిలో ఒక్కరైనా ఎదురు ప్రశ్న వేయకపోవడం బాధపెట్టింది.

ఆ రాత్రి నాకు గుర్తుకొచ్చిన మనిషి రిక్ స్టైన్. ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్ అనే సీమలో, ప్యాడ్‌స్టో అనే చిన్న రేవులో 1975లో చేపల హోటలు పెట్టి, ఆ తర్వాత బీబీసీ ద్వారా ప్రపంచానికి తెలిసిన వంటవాడు ఆయన. నేను ఆయన కార్యక్రమాలను ఏళ్ళ తరబడి యూట్యూబులో చూస్తూ వచ్చాను. చేప వండడం నేర్చుకుందామని మొదలుపెట్టినవాణ్ణి, చివరికి చేప కొనడం నేర్చుకున్నాను. ఆయన జీవితంలో నిజంగా పనికొచ్చే పాఠం పొయ్యి దగ్గర లేదు, రేవు గట్టున ఉంది అన్నది నా వాదన. మన ఊళ్ళలో కొత్తగా పుట్టిన సముద్రపు చేపల మోజు ఆ పాఠాన్ని వదిలేసి, పాఠం చెప్పినవాడి టోపీని మాత్రం తెచ్చుకుంది.

స్టైన్ సముద్రం ఒడ్డున పుట్టినవాడు కాదు. 1947 జనవరి 4న ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని చర్చిల్ అనే పల్లెలో, పొలాల మధ్య, కలిగిన కుటుంబంలో పుట్టాడు. తండ్రి ఒక పెద్ద మద్యం కంపెనీలో డైరెక్టరు. సెలవులకు మాత్రం ఆ కుటుంబం ప్యాడ్‌స్టోకు దగ్గర్లో ట్రెవోస్ హెడ్ అనే కొండకొమ్ము మీద ఉన్న ఇంటికి వెళ్ళేది. ఆ సెలవుల్లోనే పిల్లవాడికి సముద్రం పరిచయమైంది, ఆ చోటే అతని జీవితంలోకెల్లా పెద్ద గాయాన్ని కూడా ఇచ్చింది. అతనికి పద్దెనిమిదేళ్ళప్పుడు, చాలాకాలంగా మానసిక వ్యాధితో బాధపడుతున్న తండ్రి ఆ కొండకొమ్ము దగ్గరే ప్రాణం తీసుకున్నాడు. కుర్రవాడు ఇల్లు వదిలి ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. అక్కడ కబేళాలో పనిచేశాడు, నౌకా రేవులో పనిచేశాడు, దేశాలు తిరిగాడు. తిరిగి వచ్చి ఆక్స్‌ఫర్డ్‌లోని న్యూ కాలేజీలో ఆంగ్ల సాహిత్యం చదివి 1971లో పట్టా పుచ్చుకున్నాడు. మరొకరైతే ఆ తీరం వైపు మళ్ళీ తల తిప్పకుండా బతికేవారేమో. ఆయన మాత్రం తండ్రిని పోగొట్టుకున్న చోటికి పది కిలోమీటర్ల లోపునే తన బతుకంతా కట్టుకున్నాడు. దీనికి ఏదో గంభీరమైన అర్థం చెప్పాలని నాకు లేదు గానీ, టీవీలో ఆయన సముద్రం వైపు చూస్తూ మాట మధ్యలో ఆగిపోయినప్పుడల్లా ఈ సంగతి నాకు గుర్తుకు వస్తుంది.

ఆయన హోటలు కథ నాకు మరీ ఇష్టం, ఎందుకంటే అందులో ముందుచూపు అన్నది మచ్చుకైనా లేదు. 1974లో ఒక మిత్రుడితో కలిసి ప్యాడ్‌స్టో రేవు గట్టున ఒక నైట్‌క్లబ్బు కొన్నాడు. రాత్రిపూట అక్కడికి వచ్చేది ఎక్కువగా జాలరులు. తాగుడూ కొట్లాటలూ పెరిగాయి, పోలీసులు వచ్చారు, క్లబ్బు లైసెన్సు పోయింది. చావు తప్పి కన్ను లొట్టబోయినట్టు, తిండి వడ్డించుకునే అనుమతి ఒక్కటి మిగిలింది. నెత్తిన అప్పు, చేతిలో ఖాళీ భవనం, ఎదురుగా పడవలు. లండన్‌లో ఒక రైల్వే హోటలు వంటగదిలో కొన్ని నెలలు పనిచేసిన అనుభవం తప్ప వేరే శిక్షణ లేదు. అప్పటి భార్య జిల్‌తో కలిసి 1975లో దాన్నే చేపల హోటలుగా మార్చాడు. పేరు కూడా ఏ అలంకారమూ లేకుండా "ద సీఫుడ్ రెస్టారెంట్" అనే పెట్టాడు. వంట వచ్చి హోటలు పెట్టినవాళ్ళు కోకొల్లలు. హోటలు తప్ప గతి లేక వంట నేర్చుకున్నవాడు ఈయన.

ఆ లోటే ఆయనకు కలిసొచ్చిందని నా అభిప్రాయం. అప్పట్లో ఇంగ్లండులోని గొప్ప హోటళ్ళు ఫ్రెంచి పద్ధతిలో చేప మీద మీగడ సాసులు పొయ్యడాన్ని పాండిత్యంగా భావించేవి. ఆ విద్య ఈయనకు పూర్తిగా పట్టుబడలేదు. పట్టుబడని దానికి బదులుగా ఆయన దగ్గర ఉన్నది, పడవ దిగిన గంటకే చేతికొచ్చే చేప. అలాంటి చేపకు ఉప్పు, వెన్న, నిప్పు చాలు. చెయ్యవలసింది తక్కువైనప్పుడు, తెచ్చుకోవలసినదాని మీద ధ్యాస పెరుగుతుంది. ఏ జాలరి చేపను తీయగానే మంచులో పెడతాడు, ఎవడు పడవ అడుగున ఎండలో పడేస్తాడు, ఏ నెలలో ఏ చేప కొవ్వు పట్టి ఉంటుంది అన్నవి తెలుసుకోవడమే ఆయన వంటశాస్త్రం అయింది. ఇరవై రకాల మసాలాలు వాడే మన వంటవాళ్ళను చిన్నబుచ్చడానికి ఈ మాట అనడం లేదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఆ కాలపు కార్న్‌వాల్ గురించి ఒక విచిత్రం చెప్పాలి. అక్కడి రేవుల్లో దిగిన హేక్, మెగ్రిమ్, స్పైడర్ పీతల వంటి మేలురకం సరుకులో పెద్ద భాగం లారీలెక్కి స్పెయిన్‌కూ ఫ్రాన్సుకూ పోయేది. ఎదురుగా సముద్రం పెట్టుకున్న ఆంగ్లేయులు మాత్రం దూరపు చలి నీళ్ళలో పట్టిన కాడ్ చేపను పిండిలో ముంచి వేయించుకుని అదే చేప అనుకునేవారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత వాళ్ళ దగ్గర లేకపోవచ్చు గానీ ఆ బుద్ధి మాత్రం ఉంది. స్టైన్ పోరాటం ఆ బుద్ధితోనే. 1988లో వచ్చిన ఆయన తొలి పుస్తకం ఇంగ్లండు తీరపు చేపల మీదే రాసింది, దానికి బహుమతి కూడా వచ్చింది. అయినా పుస్తకాలు చదివి చేపలు కొనేవాళ్ళు ఎందరుంటారు?

టీవీ ఆ పని చేసింది. కీత్ ఫ్లాయిడ్ అనే చమత్కారి వంటవాడు 1980ల నడుమ చేపల మీద చేసిన కార్యక్రమంలో స్టైన్ అతిథిగా కనిపించాడు. దాన్ని తీసిన డేవిడ్ ప్రిచర్డ్ అనే నిర్మాత, పదేళ్ళ తర్వాత 1995లో స్టైన్‌తోనే "టేస్ట్ ఆఫ్ ద సీ" తీశాడు. ఆ జోడీ 2019లో ప్రిచర్డ్ మరణించేదాకా సాగింది. స్టూడియోలో అద్దాల గిన్నెల ముందు నిలబడి వండే పద్ధతిని వాళ్ళు పక్కకు నెట్టేశారు. కెమెరా పడవెక్కింది, వల లాగింది, వేలం పాటలో నిలబడింది. స్టైన్ పెంచుకున్న చాకీ అనే చిన్న కుక్క ప్రతి దృశ్యంలోనూ తల దూర్చి, కెమెరాను చూసి మొరిగి, యజమానికన్నా ఎక్కువ పేరు తెచ్చుకుంది. 2007లో అది చనిపోతే పత్రికలు వార్తగా రాశాయి. కుక్క సంగతి నవ్వులాటగా అనిపించినా, కార్యక్రమం మొత్తం మీద నటించనిది అదొక్కటే కాబట్టి జనం దాన్ని నమ్మారని నాకు తోస్తుంది.

ఆ తర్వాతి కథ వేగంగా చెప్పుకోవచ్చు. 2000లో ప్యాడ్‌స్టోలో చేపల వంట బడి, 2002లో చిన్న రైతులనూ జున్ను చేసేవాళ్ళనూ వెతుక్కుంటూ తిరిగిన టీవీ ప్రయాణం, 2003లోనూ 2018లోనూ ప్రభుత్వ గౌరవాలు, 2009లో ఆస్ట్రేలియాలోని మాలీమూక్‌లో ఒక హోటలు, ఇవన్నీ పేరు వచ్చాక వచ్చేవే. ముగ్గురు కొడుకులూ పెద్దవాళ్ళై ఆ వ్యాపారంలో చేతులు కలిపారు.

ఇదంతా చదివి మా మిత్రుడొకడు వేసిన ప్రశ్న న్యాయమైనదే. "వాకిట్లో రేవు పెట్టుకున్నవాడు తాజా చేప గురించి ఎన్ని నీతులైనా చెబుతాడు, కర్నూలులో కూర్చున్నవాడు మంచు పెట్టె మూత తెరవక ఏం చేస్తాడు?" అన్నాడు. ఇంగ్లండులో సముద్రానికి అన్నిటికన్నా దూరంగా ఉన్న చోటు నుంచి కూడా తీరం నూట పదమూడు కిలోమీటర్లే. మనకైతే కొండారెడ్డి బురుజు దగ్గర నిలబడి తూర్పుకు గీత గీస్తే రెండు వందల కిలోమీటర్లు దాటితే గానీ ఉప్పు నీరు తగలదు, నల్లమల దాటుకుంటూ రోడ్డు మీద వెళితే ఇంకా ఎక్కువ. సముద్రపు చేప మన దాకా రావాలంటే థర్మోకోల్ పెట్టెలో, మంచు మధ్య, రాత్రంతా లారీలో రావలసిందే. ఇది భూగోళం చేసిన నిర్ణయం, హోటలువాడిని తిడితే మారదు.

అయితే ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. స్టైన్ చెప్పిన మాట సముద్రపు చేప తినమని కాదు. కార్న్‌వాల్ వాళ్ళకు వాళ్ళ నీళ్ళలో ఉన్నదాన్ని చూపించాడు, ఆ నీళ్ళు ఉప్పువి కావడం ఆ ఊరి విశేషం. అదే మాటను ఇక్కడికి తెస్తే అది తుంగభద్ర గట్టున నిలబడుతుంది. మా ఊరికి ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ, ఎగువన సుంకేసుల ఆనకట్ట, దిగువన కృష్ణతో కలిశాక సంగమేశ్వరం దగ్గర విస్తరించే శ్రీశైలం జలాశయం వెనుక నీళ్ళు. ఏడాదిలో ఎక్కువ నెలలు మునిగి ఉండి వేసవిలో పైకి తేలే ఆ గుడి చుట్టూ పుట్టి వేసుకుని వల విసిరేవాళ్ళు ఉన్నారు. వేసవిలో నది మడుగులుగా విడిపోతుంది, నిజమే. చెరువులు ఎండుతాయి, అదీ నిజమే. కరువు సీమలో చేపల మాట ఏమిటని నవ్వేవాళ్ళకు, ఉన్న నాలుగు నెలల నీటినైనా మనం సరిగ్గా చూశామా అన్నది నా ఎదురు ప్రశ్న.

మా జేజి ఊరు సుంకేసులకు ఎగువన. ఆమె జన్మలో సముద్రం చూడలేదు, వంజరం పేరు వినలేదు. బెస్త ఆయన గంపతో వాకిట్లోకి రాగానే, ధర అడగకముందే, చేప తల పట్టుకుని బొటనవేలితో మొప్ప ఎత్తి చూసేది. లోపల ఎర్రగా తడిగా ఉంటే గంప దించమనేది. ఇటుక రంగుకు తిరిగి ఉంటే, "ఇది మొన్నటిది నాయనా, పైన పొలం దాటి పో" అని పంపేసేది. కన్ను ఉబ్బి మెరుస్తుందా, లోపలికి గుంట పడిందా, ఒత్తితే కండ తిరిగి లేస్తుందా అన్నవి ఆ తర్వాతి పరీక్షలు. ఎన్నో ఏళ్ళ తర్వాత స్టైన్ ఒక చేపల బజారులో నిలబడి, సరిగ్గా అలాగే, బొటనవేలు పెట్టి మొప్ప ఎత్తి కెమెరాకు చూపిస్తుంటే నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఆక్స్‌ఫర్డు పట్టా ఉన్నవాడికీ వేలిముద్ర వేసే ముసలామెకూ చేప దగ్గర ఉన్న తేడా, కెమెరా ఒక్కటే.

ఆమెకు ఎక్కువ ఇష్టమైనది కొర్రమీను. దానికి కారణం రుచి ఒక్కటే కాదు. ఆ చేపకు మొప్పలతో పాటు గాలి పీల్చుకునే ఏర్పాటు ఇంకొకటి తలలో ఉంటుంది. అందుకే కొద్దిపాటి నీటిలో, తొట్టిలో, తడి గోనెలో కూడా గంటల తరబడి ప్రాణంతో ఉంటుంది. ఈ రోజుకీ మా బజారులో కొర్రమీనును నీళ్ళ తొట్టిలో కదులుతుండగానే అమ్ముతారు. లండన్‌లోనైనా ముంబయిలోనైనా గాజు తొట్టిలో లాబ్‌స్టర్‌ను చూపించి వేలకు వేలు వసూలు చేసే హోటళ్ళు అమ్ముతున్నది ఆ నమ్మకాన్నే: ఇది ఇంకా బతికి ఉంది, నీ కళ్ళ ముందే ఉంది అని. ఆ నమ్మకం మాకు ప్లాస్టిక్ తొట్టిలో, కిలోల లెక్కన, రోజూ దొరుకుతోంది. ఫ్లెక్సీ మీద మాత్రం లాబ్‌స్టర్ బొమ్మ వేస్తాం.

ఇక మసాలాల సంగతి. సముద్రపు చేప కండలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది, ఉప్పు నీటిలో బతకడానికి అది దానికి అవసరం. చేప చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి, మనం నీచు అనే ఆ వాసనను పుట్టిస్తాయి. మంచినీటి చేపలో ఆ పదార్థం బహు స్వల్పం, కాబట్టి ఆ తరహా నీచు తక్కువ. దానికి బదులు మట్టి వాసన ఉంటుంది. నిలవ నీటిలో పెరిగే కొన్ని జీవులు విడుదల చేసే జియోస్మిన్ దానికి మూలం. తొలకరి వానకు నేల నుంచి లేచే కమ్మదనం కూడా అదే, ఎక్కడ ఉండాలో అక్కడ ఉంటే కమ్మదనం, చేపలో ఉంటే కంపు. పులుపు ఈ రెండు వాసనలనూ అణుస్తుంది. అందుకని నిమ్మకాయ చెక్కను చేప పక్కన పెట్టే ఆంగ్లేయుడూ, చింతపండు పులుసులో చేపను ముంచే మా జేజీ ఒకే రసాయన శాస్త్రాన్ని పాటించారు. కాకపోతే మనది ఏటి చేప, ముళ్ళ చేప, మట్టి వాసన ఉన్న చేప కనుక ఒక్క చుక్క నిమ్మరసం సరిపోదు. ధనియాలు, మెంతులు, ఎర్రకారం, ఎండుకొబ్బరి వేసి మట్టి సట్టిలో కాచిన పులుసు కావాలి, అది రాత్రంతా నిలవ ఉండి పొద్దున జొన్నరొట్టెలోకి రావాలి. ఈ పులుసు చేప లోపాన్ని దాచడానికి పుట్టలేదు, ఆ చేప స్వభావాన్ని తెలుసుకుని పుట్టింది. చచ్చి వారమైన చేపను కప్పిపెట్టడానికి వాడే కారం వేరు, అది హోటలు వంట.

కొర్రమీనును జిగురు పోయేలా బూడిదా ఉప్పూ వేసి రాతి మీద రుద్దడం, ముక్కలు కోసేటప్పుడు చేదు కట్టు చిట్లకుండా చూడడం, పులుసులో గరిటె పెట్టకుండా సట్టిని పట్టుకుని తిప్పడం వంటివి రాసి పెట్టిన పుస్తకం మా ఇంట్లో లేదు. స్టైన్ దగ్గర మనం తీసుకోవలసినది ఇంకొకటి ఇక్కడ ఉంది. ఆయన తన వంటకాలు చాలావరకు ఇలాంటి ఇళ్ళ నుంచీ గట్ల నుంచీ తెచ్చుకున్నాడు, ఎక్కడ తెచ్చుకున్నాడో చెప్పాడు. 2013లో భారతదేశం తిరిగి చేసిన కార్యక్రమానికి తోడుగా వచ్చిన పుస్తకంలో చింతపండు, టమాటాలతో చేసిన మద్రాసు చేపల కూర ఉంది. దాన్ని చూసిన రోజు నాకు కొంచెం గర్వమూ కొంచెం విసుగూ కలిగాయి. గొప్ప కూర అంటే ఏదో తేల్చుకుందామని దేశమంతా వెతకడం ఆ ప్రయాణానికి పెట్టుకున్న సాకు. గొప్ప కూర ఒకటుంటుందన్న ఊహే బయటివాడి ఊహ. మా వీధిలోనే నాలుగిళ్ళ పులుసు నాలుగు రకాలు, ఎవరిది వాళ్ళకు గొప్ప. అయినా ఆయన చింతపండును తక్కువ చేయలేదు, కారాన్ని తగ్గించి తెల్లవాళ్ళ నాలుకకు సర్దలేదు. ఆ మర్యాద చాలామంది మనవాళ్ళకు లేదు.

మన చేప అని నేను అంటున్నప్పుడు ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయడం సరి కాదు. ఈ రోజు కర్నూలు బజారులో బల్లల మీద ఉండేది అధికంగా బొచ్చె, శీలావతి, మోసు. ఇవి పుట్టుకతో గంగా మైదానపు చేపలు. 1957లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒడిశాలో పీయూష గ్రంథి సారం ఎక్కించి పెద్ద చేపల చేత చెరువులోనే గుడ్లు పెట్టించడంలో విజయం సాధించాక, ఈ రకాల పిల్లలు దేశమంతటా జలాశయాలకూ చెరువులకూ చేరాయి. వీటికి తోడు వచ్చిన జిలేబి, రూప్‌చంద్, పంగస్ పరదేశపు చేపలు. మా జేజి గంపలో చూసిన పక్కెలూ వాలుగలూ జెల్లలూ ఇప్పుడు దొరికితే పండగే. కాబట్టి నేను స్వచ్ఛమైన స్థానికత గురించి ఉపన్యాసం ఇవ్వలేను. చేప పూర్వీకులు ఎక్కడివారన్నది నాకు ముఖ్యం కాదు. అది నిన్న ఏ నీటిలో ఉంది, ఎవరు పట్టారు, ఎప్పుడు పట్టారు అన్నవి అడిగితే జవాబు రావాలి. సుంకేసులలో పెరిగిన బొచ్చె ఆ పరీక్ష నెగ్గుతుంది. అపోలో ఫిష్ పేరుతో ముల్లు లేకుండా వచ్చే ముక్క చాలాసార్లు నెగ్గదు, ఎందుకంటే దానికి తలా లేదు, మొప్పా లేదు, అడగడానికి ఏమీ మిగల్లేదు. ముల్లు మీద మనకు పుట్టిన అసహ్యమే మన ప్రశ్నను కూడా తీసేసిందని నాకు అనిపిస్తుంది. నా కూతురు కూడా ముల్లు లేని ముక్కే అడుగుతుంది, ఇంట్లో ఈ వాదనలో నేను ఇంతవరకు గెలవలేదు.

స్టైన్ మీద నాకు భక్తి లేదనడానికి ఒక కారణం ప్యాడ్‌స్టోనే. ఆయన పేరు పెరిగేకొద్దీ అక్కడ హోటళ్ళు పెరిగాయి, వేయించిన చేపల అంగడి, మిఠాయి అంగడి, బస గదులు వచ్చాయి. జనం ఆ ఊరిని వెటకారంగా "ప్యాడ్‌స్టైన్" అనడం మొదలుపెట్టారు, ఆ పేరు ఆయనకు రుచించలేదు. డబ్బున్నవాళ్ళు సెలవుల ఇళ్ళు కొన్నారు, ఇళ్ళ ధరలు చుక్కలంటాయి, అక్కడే పుట్టిన కుర్రవాళ్ళు అద్దె కట్టలేక ఊరి బయటికి జరగవలసి వచ్చింది. ఇదంతా ఒక్కడి నెత్తిన రుద్దడం అన్యాయం, కార్న్‌వాల్ తీరంలో ఆయన లేని రేవుల్లోనూ ఇదే జరిగింది. ఉద్యోగాలు కూడా ఆయన వల్ల వచ్చాయి. కానీ చేపకు పేరు రావడమూ చేప పట్టేవాడికి మేలు జరగడమూ వేరు వేరు సంగతులని ఆ ఊరు చూపించింది.

ఇంకొకటి, పేరంతా ఆయన ఒక్కడికే రావడం. హోటలును మొదటి రోజు నుంచి జిల్ ఆయనతో సమానంగా నడిపింది. 2007లో విడాకులైన తర్వాత కూడా ఆమె వ్యాపారంలో భాగస్వామిగానే ఉంది. ఆయన కెమెరాల వెంట దేశాలు తిరుగుతున్నప్పుడు బల్లలు ఖాళీ కాకుండా చూసినవాళ్ళు ఇంకెవరు? మా బజారులో కూడా పట్టేది మగవాళ్ళు, అమ్మేదీ పొలుసు గీకేదీ కోసేదీ ఎక్కువగా ఆడవాళ్ళు. కత్తిపీట ముందు పొద్దుటి నుంచి నడుం వంచి కూర్చునే ఆ మనిషికి చేపల గురించి తెలిసినంత ఏ టీవీ వంటవాడికీ తెలియదు, ఆమెకు దక్కేది కిలోకు ఇంతని కోత కూలి. శ్రీశైలం జలాశయం గట్ల మీద గుడిసెలు వేసుకుని వేట మీద బతుకుతున్న కుటుంబాల్లో కోస్తా నుంచి వలస వచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. అప్పు ఇచ్చిన వ్యాపారికే చేప అమ్మాలి, అతను చెప్పిందే ధర. ఆ చేప కర్నూలు హోటలుకు చేరినా మెనూలో శ్రీశైలం పేరు ఉండదు. వంజరానికి ఉన్న గౌరవం దానికి లేదు, గౌరవం లేనిదానికి ధర రాదు. మా ఊళ్ళో ఒక హోటలువాడు "ఈ రోజు సుంకేసుల బొచ్చె, నిన్న సాయంత్రం పట్టింది, పులుసు మాత్రమే" అని నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి పెట్టి, అది అయిపోగానే చెరిపేస్తే చాలు. ఫలానా జాలరి దగ్గర కొన్నానని చెప్పే ధైర్యం కూడా ఉంటే, ఆ జాలరి మరుసటి వారం ధర గురించి నోరు తెరవగలడు. ప్యాడ్‌స్టోలో 1975లో జరిగింది దాదాపు ఇంతే, మిగిలిందంతా టీవీ.

చేప దొరకని రోజు లేదని రాసి పెట్టే హోటలును జనం ఆదరిస్తారా అని మా మిత్రుడు మళ్ళీ అడిగాడు. నిషేధం ఉన్న అరవై ఒక్క రోజులూ వంజరం లేదని బోర్డు పెడితే ఆ హోటలుకు నేను వారానికి రెండుసార్లు వెళతానన్నాను. అతను నవ్వి, నువ్వొక్కడివే వెళితే వాడు మూసుకోవలసిందే అన్నాడు. ఆ మాటకు నా దగ్గర గట్టి జవాబు లేదు. మృగశిర కార్తె నాడు చేప తినాలన్న పట్టింపు తుంగభద్రకు ఆవలి గట్టు పాలమూరు వాళ్ళకు ఎక్కువ, దాని గాలి మాకూ సోకింది. జూన్ మొదటి వారం దాటగానే వచ్చే ఆ రోజు తూర్పు తీరపు నిషేధం ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఆ రోజున బజారులో జనం చేప కోసం తోసుకుంటారు, బల్లల మీద ఉండేది చెరువు చేపా ఏటి చేపానే. ఏడాదికి ఒక్క రోజు మాత్రం మేము తెలియకుండానే సరైన నీటి చేప తింటున్నాం.

పోయిన ఆదివారం పొద్దున్నే బజారుకు వెళ్ళాను. తొట్టిలో కొర్రమీను అయిపోయింది. పక్క బల్ల మీద రెండు కిలోల పైచిలుకు బొచ్చె ఒకటి ఉంది, కన్ను మరీ లోపలికి పోలేదు. బొటనవేలు పెట్టి మొప్ప ఎత్తబోతుంటే కత్తిపీట ముందున్నామె తల ఎత్తకుండానే అంది: "నిన్న మాపటేళది సార్. పులుసుకైతే తీస్కపో, బాగుంటాది. వేపుడుకైతే వద్దు, రేపు రాపో." పులుసుకే కోయించుకుని ఇంటికి తెచ్చాను.